పోయొస్త

మా భాల్కిలో గడప దాటే మనిషి "పోతున్న" అనకూడదు. పొరపాటున అన్నాడంటే ఇంట్లో పెద్దవాళ్ళు అక్కడికక్కడే ఆపి, "పోయొస్త అనాలె" అని సరిదిద్దుతారు. ఇది ఒక్క తెలుగు ఇళ్ళలోని ముచ్చటే కాదు. మా పక్కింటి కన్నడం వాళ్ళు "హోగి బర్తీని" అంటారు. ఎదురింటి మరాఠీ వాళ్ళయితే పోవడం అన్న మాటే ఎత్తరు, "యేతో" అనేసి, అంటే వస్తానని చెప్పి, వెళ్ళిపోతారు. వీధి చివర సైకిల్ దుకాణం చాచా "జాకే ఆతా హూఁ" అంటాడు. నాలుగు భాషల ఊరు మాది. ఏ భాష వాళ్ళయినా తిరిగి రావడం అన్న మాట కలపకుండా గడప దాటరు. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన ఈ మాటకు అసలు అర్థం నాకు అరవై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. అదీ మంచుకొండల పుణ్యమా అని తెలిసింది.

మంచుకొండలెక్కడ, భాల్కి ఎక్కడ అని మీరు నవ్వుకోవచ్చు. అసలు భాల్కి ఎక్కడుందో మీలో కొందరికి తెలియకపోవచ్చు కూడా. వికారాబాదు నుంచి పర్లి వైజనాథ్ వెళ్ళే రైలు దారిలో, బీదరు దాటాక వచ్చే తాలూకా ఊరు మాది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు పక్కనున్న జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, మేము మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. అలా ఉన్నచోటు కదలకుండానే బయటి తెలుగువాళ్ళమైపోయాం. నేను హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఉన్న మాకు తెలిసిన మంచు రెండే రకాలు. చలికాలం తెల్లవారుజామున శనగ చేల మీద కనబడేది ఒకటి, సోడా దుకాణంలో రంపపు పొట్టు కింద దాచేది ఇంకొకటి. ఎప్పుడైనా రాళ్ళవాన పడితే పిల్లలు గిన్నెలు పట్టుకుని పరుగెత్తడం, అంతే. 2023 మార్చి 16న మా రైలు దారిలోనే ఉన్న మర్పల్లిలో వడగళ్ళు పడి నేలంతా తెల్లబడితే, కాశ్మీరు మన ఊరికే వచ్చిందని జనం ఫొటోలు తీసుకున్నారు. పంట పోయిన రైతుకు మాత్రం అందులో అందమేమీ కనబడి ఉండదు.

చూడండి, మన భాషలో పొగమంచూ మంచే, ఆకు మీది బిందువూ మంచే, గడ్డ కట్టినదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. ఒకే మాటలో అన్నీ సరిపెట్టుకున్నాం. మనకు అంతకన్నా అవసరం రాలేదు. కానీ మన పిల్లలు ఇప్పుడు మంచున్న దేశాల్లో ఉంటున్నారు, మంచున్న కొండలకు వెళ్తున్నారు. వాళ్ళ కోసమైనా మనం ఆ మాటను విడదీసి నేర్చుకోవలసి వస్తోంది. నా సంగతే చెబుతాను.

మాకు ఒక్కతే అమ్మాయి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్ల ఫొటోను పేపర్లోంచి కత్తిరించి మా అమ్మాయి బీరువా తలుపుకు అంటించుకుంది. నేను పక్కన నిలబడి, "అదే కొండకు అవతలి వైపున నెల రోజుల కిందట మంచుచరియ పడి 16 మంది పోయారు, అది కూడా అంటించుకో" అన్నాను. ఏప్రిల్ 18న నేపాలు వైపు దారిలో జరిగిన ఆ ప్రమాదంలో చనిపోయినవాళ్ళంతా ఇతరుల బరువులు మోసుకుంటూ దారి వేస్తున్న నేపాలీ కార్మికులే. నేను చెప్పింది నిజమే. చెప్పిన తీరే బాగాలేదు. అమ్మాయి ఏమీ అనలేదు, ఫొటో మాత్రం తీయలేదు.

తర్వాత 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాసు రెజిమెంటు జవాన్లు పదిమంది కింద ఉండిపోయారు. వాళ్ళలో కర్ణాటక వాళ్ళు ముగ్గురు, కర్నూలు జిల్లా నుంచి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరో రోజున, పాతిక అడుగులకు పైగా మంచు కింద, ధార్వాడ జిల్లా బెటదూరుకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద ప్రాణంతో దొరికాడు. మీకూ గుర్తుండే ఉంటుంది. మా భాల్కిలో గుడిలోనూ, దర్గాలోనూ ఆయన కోసం మొక్కుకున్నారు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆ రోజు నేను అమ్మాయికి గట్టిగానే చెప్పాను. "సైనికులకు తప్పదు, దేశం కోసం వెళ్ళారు. సరదాకు మంచులోకి పోయేవాళ్ళకు ఏం పని? నేను బతికుండగా నీకు ఆ కొండల మాట వద్దు." ఆ తర్వాత మా ఇంట్లో కొండల మాట నిజంగానే వినబడలేదు. నేను గెలిచాననుకున్నాను.

2022 దసరాకు అమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో ఉంది. ఆఫీసులో పని తెమలదు, పండుగకు రాలేనని ఫోనులో చెప్పింది. అక్టోబరు 4న మాకు ఆయుధ పూజ. నా పాత స్కూటరుకు పసుపు బొట్టు పెడుతూ ఉంటే మధ్యాహ్నం టీవీలో వార్త వచ్చింది. ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా డాండా అనే శిఖరం మీద నెహ్రూ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందుతున్న బృందం మంచుచరియ కింద పడిందని చెప్పారు. అయ్యో అనుకుని నా పని నేను చేసుకుంటున్నాను. సాయంత్రం మా అక్క కొడుకు ఫోను చేసి, "మామయ్యా, చెల్లె పోయింది కూడా ఉత్తరకాశీ దిక్కే గదా?" అన్నాడు. నా చేతిలో కుంకుమ గిన్నె కింద పడింది. వాడికి చెప్పింది, నాకు చెప్పలేదు.

ఆ రాత్రీ, మరునాడు విజయదశమి రోజంతా ఆమె ఫోను పలకలేదు. మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్ళకు మొక్కుతారు. ఇంటికి వచ్చినవాళ్ళంతా నా చేతిలో బంగారం పెడుతుంటే నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. 6వ తేదీ సాయంత్రం ఫోను మోగింది. ఆమె వెళ్ళింది హర్ కీ దూన్ అనే లోయకు. అదే జిల్లా, కానీ వేరే కొండలు. కిందికి దిగి సాంక్రీ చేరాక గానీ సిగ్నల్ దొరకలేదట, దుర్వార్త కూడా అక్కడికి వచ్చాకే విన్నదట. ద్రౌపదీ కా డాండా మీద మొత్తం 29 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. వాళ్ళలో శిక్షణ ఇచ్చే సవితా కన్స్వాల్ ఒకరు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కి వచ్చిన అమ్మాయి. అనుభవం ఎంత ఉన్నా వాలు మీద అందరూ ఒకటే అని అప్పుడు అర్థమయింది.

దీపావళికి అమ్మాయి ఇంటికి వచ్చింది. రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు భోజనాల దగ్గర, "ఆఫీసు పని అని నాకే అబద్ధం చెప్పినవు" అన్నాను.

"నిజం చెప్పే జాగ నువ్వెక్కడ ఉంచినవు నాన్నా?" అంది.

మా ఆవిడ రొట్టె కాలుస్తూ వెనక్కి తిరిగి చూసింది, నేను తల దించుకున్నాను. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లవాణ్ణి పట్టుకున్నప్పుడల్లా, వీడికి లెక్క రాకపోవడంలో నా తప్పెంత అని ఆలోచించేవాణ్ణి. ఇంట్లో ఆ ఆలోచన రాలేదు. నేను వద్దన్నందువల్ల ఆమె కొండకు వెళ్ళడం ఆగలేదు. చెప్పి వెళ్ళడం ఆగింది. ఆ ప్రయాణానికి ఆమె నాతో "పోయొస్త" అనలేదు. ఏదైనా జరిగి ఉంటే ఎక్కడ వెతకాలో కూడా మాకు తెలిసేది కాదు.

"సరే, ఆ మంచు ఎట్ల జారుతదో నాకు చెప్పు, వింట" అన్నాను.

అప్పుడు ఆమె చేసిన పని ఈ పత్రిక చదివే ఇళ్ళలో మీరూ చేసి చూడవచ్చు. ఒక స్టీలు పళ్ళెం తీసుకుంది. దానికి కాస్త తడి చేసి చల్లారిన జొన్న రొట్టె ఒకటి పెట్టి పళ్ళాన్ని వంచింది. రొట్టె అంటుకుని ఉండిపోయింది. తర్వాత రొట్టె తీసి, పళ్ళెం పొడిగా తుడిచి, పిడికెడు చక్కెర చల్లి, మళ్ళీ రొట్టె పరిచి నెమ్మదిగా వంచింది. కొంత దూరం కదలలేదు. అక్కడ ఆపి, రొట్టె మీద ఒక్కచోట వేలితో తట్టింది. రొట్టె మొత్తం ఒక్కసారిగా జారి నేల మీద పడింది.

"ఈ వేలే మనిషి" అంది.

మంచు ఒకేసారి పడదు. ఒక్కో తుఫానుకు ఒక్కో పొర పడుతుంది. చలికాలం మొదట్లో పలచగా పడిన మంచుకు కింద నేల వెచ్చగా, సుమారు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన గాలి గడ్డ కట్టించేంత చల్లగా ఉంటుంది. ఆ తేడా వల్ల కింది నుంచి ఆవిరి పైకి పాకుతూ, మధ్యలో ఉన్న మంచు రేణువులను పలుకులు పలుకులుగా, అచ్చం చక్కెరలా మార్చేస్తుంది. ఆ పలుకులు ఒకదానినొకటి పట్టుకోవు. వాటి మీద కొత్త మంచు పడి, గాలికి గట్టిపడి, రొట్టెలా ఒక పలక అవుతుంది. పైకి చూస్తే తెల్లగా, నున్నగా, దుప్పటి పరిచినట్టు ఉంటుంది. లోపల చక్కెర ఉన్న సంగతి కనబడదు. మనిషి బరువు పడగానే కింది పొర కుంగి, పలక పగిలి, పైనుంచి మొత్తం కదులుతుంది. చరియ కింద పడి చనిపోయేవాళ్ళలో పదింట తొమ్మిది మందిని తీసుకెళ్ళే చరియలు తమ అడుగు వల్లనో, తమ బృందంలో వాళ్ళ అడుగు వల్లనో కదిలినవేనట. మంచు వచ్చి మనిషి మీద పడుతుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎక్కువసార్లు మనిషే దాన్ని లేపుతాడని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక నాలోని లెక్కల మాస్టారు ఊరుకోలేదు. కోణమానిని తెచ్చి పళ్ళెం పక్కన పెట్టాను. అమ్మాయి నవ్వింది. కొండల మీద కూడా ఇదే చూస్తారట. వాలు 30 డిగ్రీల లోపు ఉంటే పలక జారడం అరుదు. 30 నుంచి 45 డిగ్రీల మధ్యే ప్రమాదమంతా. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మా మార్కెట్ యార్డులో కందుల రాశి పోసేవాళ్ళకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. రాశి ఒక వాలుకు వచ్చాక ఇంకొక చేటెడు పోస్తే పక్కకు జారుతుంది. గాలి సంగతీ అంతే. కళ్ళంలో తూర్పారబడితే పొట్టంతా గాలివాటున ఒక వైపు చేరినట్టు, కొండ శిఖరం మీది గాలి ఒక వైపు మంచును ఊడ్చి అవతలి వాలు మీద పోస్తుంది. ఆకాశంలో మబ్బు లేకున్నా ఆ వాలు మీద కొత్త బరువు పడుతూనే ఉంటుంది.

"మరి ముందే తెలిసే గుర్తు ఏమీ ఉండదా?" అన్నాను.

ఉంటాయట. పక్క కొండ మీద కొత్తగా చరియ పడి ఉండటం మొదటిది. అడుగు వేస్తే కాలి ముందు మంచులో గీత పగిలి పరుగెత్తడం రెండోది. మూడోది చప్పుడు. బరువుకు లోపలి పొర కుంగినప్పుడు "వుంఫ్" మని, నిండు ధాన్యం బస్తా నేల మీద వేసినట్టు, కాళ్ళ కింద మోత వస్తుంది. ఒక్క రాత్రిలో ఎక్కువ మంచు పడటం, మీదికి వాన రావడం, ఎండ ఒక్కసారిగా కాయడం కూడా గుర్తులే. అడవిలో చెట్లకు కొండ వైపు కొమ్మలు విరిగి, కింది వైపు మాత్రమే మిగిలాయంటే ఆ దారిన చరియలు వస్తూ పోతున్నాయని అర్థం. వాలు ఎక్కకుండా దాని పాదం దగ్గర చదును నేల మీద నడిచేవాళ్ళ మీదికి కూడా పైనుంచి రావచ్చు.

2023లో అమ్మాయికి అమెరికాలో కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిన కొద్ది రోజులకే ఫోను చేసి, "నాన్నా, నేను జెప్పిన చక్కెర మంచు ఎక్కువ ఉండేది ఇక్కడనే" అంది. ఆ కొండల్లో మంచు పలచగా, చలి ఎక్కువగా ఉండటం వల్ల ఆ పొర తయారై వారాలు, నెలలు నిలిచిపోతుందట. అమెరికాలో ఏటా సుమారు పాతికమంది చరియల కింద పోతుంటారు, ఎక్కువమంది పోయేది కొలరాడోలోనే. ఇంతా విని నేను మళ్ళీ వద్దని అనబోయి నాలుక కరచుకున్నాను. ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం.

ఆమె వైపు షరతులు ఇవి. ఒక్కతే వెళ్ళకూడదు. శిక్షణ తీసుకోకుండా వెళ్ళకూడదు. బృందంలో ప్రతి మనిషి దగ్గరా మూడు వస్తువులుండాలి: మంచు కింద ఉన్నా సంకేతం పంపే బీకన్, గుచ్చి వెతికే పొడవాటి మడత కడ్డీ, తవ్వే పార. ఒకరి దగ్గర ఉండి ఇంకొకరి దగ్గర లేకపోతే లాభం లేదు, ఎందుకంటే కింద పడినవాణ్ణి కాపాడవలసింది పైన మిగిలినవాళ్ళే. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంట అయితే ముగ్గురిలో ఒక్కరే. బయటి నుంచి సాయం వచ్చేసరికి ఆ పది నిమిషాలు ఎప్పుడో గడిచిపోతాయి. హనుమంతప్ప ఆరు రోజులు బతికి ఉండటం లోకానికంతా అబ్బురమైంది అందుకే.

బయల్దేరే రోజు నాకు నాలుగు సంగతులు చెప్పాలి. ఏ దారి, ఎవరెవరు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, ఆ రోజు అంకె ఎంత. ఈ అంకె సంగతి చెప్పాలి. కొలరాడోలో చరియల సమాచార కేంద్రం చలికాలమంతా రోజూ ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు అంకెతో ప్రకటిస్తుంది. మొదటిసారి "ఈ రోజు 3" అని అమ్మాయి చెబితే, అయిదుకు మూడంటే అరవై మార్కులు, ఫస్టు క్లాసు అన్నట్టుగా మాట్లాడాను. అది తప్పు లెక్క. ఒక్కో మెట్టుకు ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. పైగా 4, 5 అన్న రోజున జనం ఇంట్లోనే ఉంటారు. 3 అన్న రోజున, ఫరవాలేదులే అని బయల్దేరతారు. ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ మూడో అంకె రోజునే.

నా వైపు షరతు ఒక్కటే. వద్దు అనకూడదు. అడగవచ్చు, అంతే. నా షరతే కష్టమైందని వేరే చెప్పాలా?

2025 జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఆరున్నరకు ఫోను వచ్చింది. అక్కడ పొద్దున్న ఆరు. నలుగురు వెళ్తున్నారు. పెద్ద జల్లెడల్లాంటి స్నోషూలు కట్టుకుని ఒక కనుమ మీంచి అడవిలోకి వెళ్ళి చుట్టి రావడం. చెట్లున్నంత మేర అంకె 2, చెట్లు దాటిన పై వాలులకు 3. చెట్లు దాటం, మూడు గంటలకు కారు దగ్గర ఉంటాం అని చెప్పి, "పోయొస్త నాన్నా" అంది. మూడు అంటే మాకు తెల్లవారుజామున మూడున్నర. నాలుగు దాటితే డెన్వర్‌లోనే ఉన్న మన తెలుగు కుటుంబం ఒకరికి నేను ఫోను చేయాలి. అయిదు దాటితే వాళ్ళు అక్కడి షెరిఫ్ ఆఫీసుకు చెబుతారు. దారి వివరాలు రాసిన కాగితం ఒకటి వాళ్ళ ఫ్రిజ్ మీద, ఒకటి మా ఇంట్లో దేవుడి పటం పక్కన.

మూడున్నరకు లేచి కూర్చున్నాను. మూడూ నలభై అయింది. నాలుగైంది. మా ఆవిడ టీ పెట్టింది, ఇద్దరం తాగలేదు. దసరా రోజు గడియారం ముందు కూర్చున్నప్పటి భయమే, కానీ ఒక తేడా ఉంది. అప్పుడు ఏమీ తెలియని చీకటి. ఇప్పుడు ఎక్కడుందో తెలుసు, ఎవరితో ఉందో తెలుసు, వాళ్ళ వీపున పార ఉందని తెలుసు. నాలుగున్నరకు డెన్వర్‌కు ఫోను చేశాను. ఆ అబ్బాయి, "అంకుల్, కాగితం నా చేతిలోనే ఉంది. గంట టైము ఉంది. నేను ఫోను పక్కనే కూర్చుంటా, మీరు గాబరా పడొద్దు" అన్నాడు. పరాయి దేశంలో మన భాషలో ఆ మాట వింటే ఎంత ధైర్యమో మీలో చాలామందికి అనుభవమే.

అయిదూ పదికి ఫోను మోగింది. "వచ్చినం నాన్నా."

జరిగింది ఇది. తిరుగు దారిలో చెట్ల మధ్య ఒక చిన్న పాయలాంటి వాలు దిగాలి, దిగితే అరగంటలో కారు దగ్గర ఉంటారు. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఆ అంచున గాలి లేదు. మధ్యాహ్నం వీచిన గాలికి దాని నిండా కొత్త మంచు చేరి నున్నగా మెరుస్తోంది. అంచుకు చేరకముందే కాళ్ళ కింద "వుంఫ్" అన్నది. నలుగురూ నిలబడిపోయారు. బాగా అలసిపోయారు, కారు కళ్ళముందు కనబడుతోంది, పొద్దు వాలుతోంది. నలుగురిలో ఇద్దరు, ఒక్కొక్కరం దిగితే ఏమవుతుందన్నారట. మా అమ్మాయి కాగితం సంగతి ఎత్తిందట. "ఇంట్లో కాగితం మీద ఈ దారి రాసిన. ఇదే దారిలో వెతుకుతరు. నేను ఇక్కడ దొరకదలచుకోలేదు" అన్నదట. వెనక్కి తిరిగి, చదునుగా ఉండే పొడుగు దారిలో అడవి చుట్టి రెండు గంటలు ఎక్కువ నడిచి వచ్చారు. మధ్యలో ఎక్కడా సిగ్నల్ లేదు. ఆ తర్వాత నలుగురూ కలిసి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒకటి కొన్నారు, అది వేరే సంగతి.

"ఆలస్యమయింది, భయపడ్డవా?" అంది.

"భయపడ్డ. కానీ ఆలస్యంగ వచ్చినందుకే సంతోషం" అన్నాను. ఆ వాలు తర్వాత జారిందో లేదో ఎవరికీ తెలియదు. జారకుండానే ఉండి ఉండవచ్చు. వెనక్కి తిరిగినవాళ్ళకు తాము చేసింది సరైనదని రుజువు ఎప్పటికీ దొరకదు. పరీక్షలో ఆ లెక్కకు మార్కులు లేవు. అయినా చేయవలసిన లెక్క అదే.

మన పిల్లలకు కొండలంటే ఇష్టం పెరుగుతోంది. బెంగళూరు, హైదరాబాదు ఆఫీసుల నుంచి హిమాలయాలకు బృందాలు బృందాలుగా వెళ్తున్నారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్‌కు వెళ్ళిన కర్ణాటక బృందంలో తొమ్మిదిమంది మంచుతుఫానులో చిక్కి చనిపోయారు. అది చరియ కాదు, చలీ గాలీ. జూన్ నెలలో కూడా ఆ ఎత్తున చలికాలం తిరిగి వస్తుంది. మన దేశంలోనూ చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్‌ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ, 1969లో మనాలిలో మొదలైన సాసే సంస్థకు వారసురాలు, హిమాలయాల్లో చరియల ప్రమాదాన్ని అంచనా వేసి హెచ్చరికలు ఇస్తుంది. మీ పిల్లలు వెళ్ళేముందు, తీసుకెళ్ళేవాళ్ళు ఆ హెచ్చరిక చూశారా అని అడగండి. ఏ దారి, ఎవరెవరు, ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు అని అడగండి. కాగితం మీద రాయించుకోండి. అన్నిటికన్నా ముందు, నిజం చెప్పే జాగా ఇంట్లో ఉంచండి. నేను ఆరేళ్ళు ఆ జాగా మూసి పెట్టాను. మా అదృష్టం బాగుండి ఆ తప్పుకు శిక్ష పడలేదు.

మొన్న మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి అంకె 4 అట. "మరి?" అన్నాను. "ఇంట్లనే ఉన్న నాన్నా, బట్టలు ఉతుక్కుంటున్న" అంది. ఫోను పెట్టేసేముందు అలవాటు కొద్దీ "పోయొస్త" అని, ఎక్కడికీ పోవడం లేదని గుర్తొచ్చి నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆవిడ వంటింట్లోంచి, "అననీ, ఆ మాటకు మైల లేదు" అన్నది.